గంజాయి చట్టం: ఎమ్మెల్యేను ఏం అడగాలి, ఎంపీని ఏం అడగాలి

సమన్వయకర్త: గంజాయి చట్టం మార్చమంటూ ఇచ్చే వినతిపత్రాలు ఎక్కడ దారి తప్పుతున్నాయి, లాయర్ గారూ?

న్యాయవాది: తప్పు తలుపు తడుతున్నారండీ. గంజాయికి వర్తించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మాదకద్రవ్యాల చట్టం, పార్లమెంటుది. శిక్ష తగ్గించమని, బెయిల్ సులువు చేయమని ఎమ్మెల్యేను అడిగితే ఆయన చేతిలో ఏముంది? అవి 20, 37 సెక్షన్లు, ఎంపీ దగ్గరికి వెళ్లాల్సినవి. రాష్ట్రం చేయగలిగినవి రెండు. సెక్షన్ 10 కింద వైద్య, శాస్త్ర అవసరాలకు లైసెన్సు నియమాలు పెట్టొచ్చు. సెక్షన్ 14 కింద నార, గింజల కోసం సాగుకు ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఉత్తరాఖండ్ 2018లోనే ఇలాంటి సాగుకు లైసెన్సు ఇచ్చింది. హిమాచల్‌లో గంజాయి సాగుపై రెవెన్యూ మంత్రి జగత్ సింగ్ నేగి కమిటీ ఇచ్చిన నివేదికను అసెంబ్లీ 2024 సెప్టెంబరులో ఆమోదించింది. సెక్షన్ నంబరు లేని కాగితం ఏ పేషీలోనైనా కట్ట కిందకే పోతుంది.

సమన్వయకర్త: మన దగ్గర గంజాయి అనగానే అల్లూరి జిల్లా ఏజెన్సీ, చెక్‌పోస్టులే గుర్తొస్తాయి. ఎమ్మెల్యే జంకరా మేడమ్?

శాసన వ్యవహారాల నిపుణురాలు: జంకుతారు. అందుకే ‘మత్తు కోసం సాగు గానీ, అమ్మకం గానీ అడగడం లేదు’ అన్న మాట మొదటి పేరాలోనే ఉండాలి. వైద్యం, నార, మత్తు మూడింటినీ ఒకే అర్జీలో కలిపితే మూడూ పోతాయి. పేరు దగ్గర కూడా జాగ్రత్త. జనుము అని రాస్తే పచ్చిరొట్ట అనుకుంటారు, జనపనార అంటే గోనెసంచి గుర్తొస్తుంది. ‘నార గంజాయి’ అనే రాయండి, ఏదో దాస్తున్నట్టు ఉండదు. అర్జీ ఒక్క పేజీ, దానికి ఉత్తర్వు ముసాయిదా జత. ఎక్సైజ్, వ్యవసాయ శాఖలు రెండింటికీ ప్రతులు. సభ మొదలయ్యాక వెళ్తే ప్రశ్నల నోటీసు గడువు దాటిపోతుంది.

సమన్వయకర్త: ముసాయిదాలో ఏముండాలి?

వ్యవసాయ శాస్త్రవేత్త: గంజాయిలో మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీ. ఉత్తరాఖండ్‌లో దాని హద్దు 0.3 శాతం. నాటు రకాలు ఆ హద్దును తేలిగ్గా దాటేస్తాయి. కాబట్టి విత్తనం ఎవరిస్తారు, పరీక్ష ఎవరు చేస్తారు, హద్దు దాటిన పంటను ఎన్ని రోజుల్లో, ఎవరి ఎదుట ధ్వంసం చేస్తారు, ఇవన్నీ రాయాలి. నమూనా పూత దశలో పైకొమ్మల నుంచే తీయాలి. పూత ముదిరేకొద్దీ శాతం పెరుగుతుంది కాబట్టి తేదీ కూడా ముఖ్యమే. పచ్చి నమూనాను ప్లాస్టిక్ సంచిలో కడితే బూజు పడుతుంది, కాగితం సంచి వాడాలి.

న్యాయవాది: అసలు మెలిక అక్కడే ఉంది. చట్టంలోని గంజాయి నిర్వచనంలో టీహెచ్‌సీ శాతమే లేదు, పూత లేదా కాయ పట్టిన కొనలు అంటుందంతే. పంట 0.3 లోపే ఉన్నా కోసిన పువ్వు గోదాంలో దొరికితే కేసు పెట్టొచ్చు. సెక్షన్ 14 నార, గింజలు, ఉద్యాన అవసరాలకే వర్తిస్తుంది. పువ్వు నుంచి సీబీడీ (మందుల్లో వాడే, మత్తివ్వని పదార్థం) తీస్తామంటే అది చాలదు. పువ్వును ఏం చేయాలో ఉత్తర్వులో రాయకపోతే రైతే ఇరుక్కుంటాడు.

సమన్వయకర్త: మరి ఎంపీని?

న్యాయవాది: తూకం గురించి అడగాలి. కొనలతో కలిసిలేని ఆకు, గింజ చట్టం ప్రకారం గంజాయి కాదు. కిలో వరకు చిన్న పరిమాణం, ఏడాది వరకు జైలు. 20 కిలోలు దాటితే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు. కాడ, ఆకు అన్నీ కలిపి తూస్తే 16 కిలోల సరుకు 22 అవుతుంది. అక్కడి నుంచి బెయిల్‌కు సెక్షన్ 37 అడ్డొస్తుంది, చార్జిషీటుకు పోలీసులకు 180 రోజుల గడువు దొరుకుతుంది. ‘కొనలు విడదీసి తూచాలి’ అన్న ఒక్క వాక్యం సవరణ అడగండి. 1970 తర్వాత ప్రైవేటు సభ్యుల బిల్లు, అంటే మంత్రులు కాని ఎంపీలు పెట్టేది, ఒక్కటీ చట్టం కాలేదు, నిజమే. అయినా చర్చకొస్తే మంత్రి జవాబు రికార్డుకెక్కుతుంది.

సమన్వయకర్త: అంతర్జాతీయ ఒప్పందం ఒప్పుకోదంటే?

నిపుణురాలు: మాదకద్రవ్యాలపై 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం నార, గింజల సాగుకు వర్తించదని అందులోనే ఉంది. 2020 డిసెంబరులో అత్యంత కఠిన నియంత్రణ ఉండే దాని నాలుగో షెడ్యూలు నుంచి గంజాయిని తీసేయాలన్న తీర్మానం 27-25తో నెగ్గింది, భారత్ అనుకూలంగానే ఓటేసింది. నియంత్రణ ఉండే మొదటి షెడ్యూలులో మాత్రం ఇంకా ఉంది. అది దాచి మాట్లాడితే ఎక్సైజ్ అధికారి ఒక్క ప్రశ్నతో పట్టేస్తాడు. ఇక బయటికొచ్చే ముందు ఫైలు నంబరు, అది ఏ సెక్షన్ అధికారి బల్ల మీదకు వెళ్తోందో అడిగి రాసుకోండి.