పందులు లాగే రథం ఎవరిది? పిల్లలతో శాలిహుండం వెళ్దాం

[తెర మీద: అరసవిల్లి గుడి, ఉదయం]
అరసవిల్లి సూర్యనారాయణస్వామి రథానికి గుర్రాలెన్ని? ఏడు. శ్రీకాకుళం పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. మరి పందులు లాగే రథం ఎవరిది? కారెక్కగానే ఈ ప్రశ్న వేసి వదిలేయండి. జవాబు శాలిహుండంలో దొరుకుతుంది.

[మ్యాప్: శ్రీకాకుళం, గార, కళింగపట్నం]
శాలిహుండం అంటే గార మండలంలో, వంశధార ఒడ్డున, పాత బౌద్ధ స్తూపాల (గుమ్మటాల్లాంటి పూజా కట్టడాల) శిథిలాలున్న కొండ. నది వెంటే కిందికి పోతే కళింగపట్నం, ఒకప్పుడు పెద్ద రేవు. భిక్షువులకు ఈ చోటెందుకు నచ్చిందో మ్యాపే చెబుతుంది. వర్తకులు తిరిగే దారి దగ్గర్లోనే ఉంది, భిక్షకు ఊళ్లున్నాయి, ధ్యానానికి కొండ ఉంది.

ఈ శిథిలాలను 1919లో గుర్తించింది ఎవరో తెలుసా? గిడుగు వెంకట రామమూర్తి. అవును, వాడుక భాష గిడుగు గారే! ఏటా ఆగస్టు 29న స్కూల్లో ఆయన ఫొటోకి దండ వేస్తారు గానీ, ఆయన శాసనాలు కూడా చదివేవారని పిల్లలకు ఎవరూ చెప్పరు. మీరు చెప్పండి.

[కొండ మెట్లు]
కొండ ముందు, మ్యూజియం తర్వాత. ఎండెక్కితే పైన నీడ కరువు, మామ్మ, తాతయ్య ఉంటే మరీ కష్టం. నీళ్లు, టోపీలు మర్చిపోకండి.

[స్తూపం అడుగు, పైనుంచి]
ఇక్కడ కాసేపు ఆగాలి. ఈ స్తూపం అడుగు అచ్చం బండి చక్రంలా ఉంది కదా? మధ్యలో చక్రం కుంభంలా గుండ్రటి కట్టు, దాని చుట్టూ చక్రం ఆకుల్లా ఇటుక గోడలు. ఆ గోడల మధ్య ఖాళీల్లో మట్టి నింపేవారు. అంతా ఇటుకతోనే కడితే ఖర్చు, ఉత్త మట్టి పోస్తే వానకి జారిపోతుంది. ఇలా అయితే ఇటుక తక్కువ పడుతుంది, మట్టీ కదలదు. బుద్ధుడి ధర్మచక్రం గుర్తు కూడా కలిసొచ్చింది. పిల్లల్ని ఆకులు లెక్కపెట్టమనండి, గోడలెక్కనివ్వకండి.

[మ్యూజియం లోపల]
చాలామంది కొండ మీద సెల్ఫీ తీసుకుని వెళ్లిపోతారు. నన్నడిగితే అసలు సంగతి ఇక్కడే. తవ్వకాల్లో బ్రాహ్మీ అనే పాతకాలపు లిపి అక్షరాలున్న కుండపెంకులు, ధాతువుల (అస్థికల) పేటికలు, బుద్ధ విగ్రహాలు దొరికాయి. తార, మారీచి అనే బౌద్ధ దేవతల శిల్పాలూ ఇక్కడివే.

మారీచే మన జవాబు. బౌద్ధుల వేకువ వెలుగు దేవత. మూడు ముఖాల రూపంలో ఒకటి పంది ముఖం, రథాన్ని లాగేవి ఏడు పందులు. పొద్దున చూసిన ఏడు గుర్రాల పక్కన పెట్టి చూడండి. స్తూపాలు దాదాపు రెండు వేల ఏళ్ల నాటివి, ఈ దేవతలు చాలా వందల ఏళ్ల తర్వాత, వజ్రయానం అనే బౌద్ధ శాఖ వచ్చాక చేరినవాళ్లు. అంటే ఒకే కొండ మీద బౌద్ధం కూడా మారుతూ వచ్చింది.

మ్యూజియానికి వారంలో సెలవు రోజు ఉంటుంది. ముందే కనుక్కుని బయల్దేరండి. లేకపోతే పిల్లల ముందు పరువు పోతుంది!

[కళింగపట్నం తీరం, లైట్‌హౌస్]
ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం తెచ్చుకుంటే టెన్షన్ లేదు. సాయంత్రం కళింగపట్నం బీచ్ ఎలాగూ దగ్గర్లోనే. ఇసకలో ఎంతసేపైనా ఆడుకోనివ్వండి. నది సముద్రంలో కలిసే చోట మాత్రం నీళ్లలోకి దింపొద్దు, అక్కడ లాగుడు ఎక్కువ.