గురువారం పన్నెండు గంటలకి, వాలెన్సియాలో

శ్రోతలకు నమస్కారం.

స్పెయిన్ అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేవి ఎద్దుల పోట్లాట, ఫుట్‌బాల్, ఈమధ్య టమాటాలతో కొట్టుకునే పండుగ. ఆ టమాటాల ఊరు బున్యోల్, తూర్పు తీరంలోని వాలెన్సియా ప్రాంతంలో ఉంది. ఆగస్టు ఆఖరి బుధవారం ఒక గంటసేపు ఆ తతంగం నడుస్తుంది. దాని గురించి ఇంతకంటే చెప్పను. ఆ చుట్టుపక్కల అంతకన్నా చూడదగ్గవి చాలా ఉన్నాయి. నా లెక్కలో మొదటిది ఒక పంచాయితీ.

వాలెన్సియా నగరం నడిబొడ్డున పెద్ద చర్చి, దానికి అపొస్తలుల వాకిలి అని ఒక ద్వారం. ప్రతి గురువారం మధ్యాహ్నం గంట పన్నెండు కొట్టగానే నల్లటి వదులు అంగీలు తొడుక్కున్న రైతులు వచ్చి ఆ వాకిలి ముందు కుర్చీల్లో కూర్చుంటారు. ఇది నీటి న్యాయస్థానం. తూరియా నది నుంచి చీలే ఎనిమిది పంట కాలువలకి ఒక్కొక్క ప్రతినిధి, వాళ్లని ఎన్నుకునేదీ ఆ కాలువల కింద సాగు చేసుకునేవాళ్లే. బంట్రోతు ఒక్కో కాలువ పేరు పిలిచి, ఫిర్యాదు పడ్డవాళ్లు రండని కేక వేస్తాడు. వంతు రాకుండానే నీళ్లు మళ్లించుకున్నా, గట్టు తెగ్గొట్టినా, పక్కవాడి చేను ముంచినా ఇక్కడే తేలాలి. వకీళ్లుండరు. వాదనంతా నోటి మాటే, అదీ స్థానిక వాలెన్సియన్ భాషలో. అధ్యక్షుడు 'మీరు మాట్లాడండి', 'మీరు ఊరుకోండి' అంటాడు, అంతే. ఎవరి వంతో చేత్తో కాకుండా కాలితో చూపించడం ఆనవాయితీ అంటారు. ఫిర్యాదు పడ్డ రైతు నదికి ఒక ఒడ్డు వాడైతే, తీర్పు చెప్పాల్సింది అవతలి ఒడ్డు ప్రతినిధులు. అప్పీలు లేదు.

మన వైపు వంతులవారీగా నీళ్లు వదిలే వారబందీ తెలిసినవాళ్లకి, చెరువు తూము దగ్గర నీళ్లు పంచే నీరుగంటినో, తెలంగాణలో నీరటికాణ్ణో చూసినవాళ్లకి ఇదంతా వేరే వివరించక్కర్లేదు. ముస్లిం పాలన నాటి అలవాటిది, 960వ సంవత్సరంలో మొదలైందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1238లో క్రైస్తవ రాజు హైమే నగరాన్ని గెలిచాక కూడా నీటి కట్టుబాట్లని అలాగే ఉంచాడు. 2009లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. చాలా గురువారాలు ఫిర్యాదులే ఉండవు, ఐదు నిమిషాల్లో లేచిపోతారు. ఫోన్లు పైకెత్తి ఎండలో నిలబడ్డ టూరిస్టులు 'ఇంతేనా' అని మొహాలు చూసుకుంటారు. నీటి తగాదా లేని వారం కూడా ఉంటుందని మన చివరి ఆయకట్టు రైతుకి చెప్పి చూడండి, నమ్మడు.

ఆ ఎనిమిది కాలువల్లో ఒకదాని పేరు మెస్తాయా. ఫుట్‌బాల్ చూసేవాళ్లకి ఈ పేరు తెలుసు, వాలెన్సియా జట్టు స్టేడియంకి ఆ కాలువ పేరే పెట్టారు.

నీళ్లున్న చోట వరి ఉంటుంది. నగరానికి దక్షిణంగా అల్బుఫేరా అనే సరస్సు, దాని చుట్టూ వరి మళ్లు. పయేయా అనే అన్నం వంటకానికి పుట్టిల్లు ఇదే. అసలు ఆ మాట వంటకం పేరు కాదు, వెడల్పాటి లోతులేని మూకుడు పేరు. రొయ్యలూ గుల్లలూ పేర్చిన పయేయా ఫొటోలు మనం చూస్తుంటాం కానీ, పొలాల వాళ్ల పయేయాలో పడేవి కోడి, కుందేలు, పచ్చి చిక్కుళ్లు, పెద్ద పెద్ద తెల్ల చిక్కుడు గింజలు, టమాటా, కుంకుమపువ్వు. బియ్యం పోశాక గరిటె పెట్టి కలపకూడదు. పల్చగా పరుచుకున్న బియ్యం రసమంతా పీల్చుకున్నాక మూకుడు అడుగు నుంచి చిటపటమని సన్నటి చప్పుడొస్తుంది. అక్కడ అన్నం అంటుకుని, ఎర్రగా వేగి, కరకరలాడే పొర కడుతుంది. దాన్ని వాళ్లు సొకర్రాత్ అంటారు, మనమైతే మాడు అంటాం. మా ఇంట్లో గిన్నె అడుగు మాడు కోసం పిల్లలం కొట్టుకునేవాళ్లం. వాళ్లు అదే పనిగా దాని కోసమే వండుతారు, మూకుడు చుట్టూ కూర్చుని చెక్క చెంచాలతో గీక్కుని తింటారు. మాంసం తిననివాళ్లకి కూరగాయల పయేయా దొరుకుతుంది. ఒక్కమాట: అది మధ్యాహ్నం భోజనం. రాత్రి అడిగితే పెడతారు గానీ, వడ్డించేవాడు మనల్ని టూరిస్టుల్లో కలిపేస్తాడు.

తోటలంటే నారింజలే. స్పానిష్‌లో నారింజని నరాంహా అంటారు. సంస్కృత నారంగం పర్షియన్, అరబ్బీల మీదుగా అంతదూరం నడిచి వెళ్లింది. పక్కనే ఉన్న అల్బొరాయాలో ఓర్చాతా అని చల్లటి తెల్లటి పానీయం తాగాలి. పాలలా ఉంటుంది కానీ అందులో పాలు లేవు. మన గట్ల మీద పీకి పారేసే తుంగ ఉందే, దాని చుట్టమైన మొక్క దుంపల్ని నానబెట్టి, రుబ్బి, పిండి తీసిన పాలు అవి.

ఇంత పచ్చదనానికి మూలమైన తూరియా ఇప్పుడు నగరంలోంచి పారదు. 1957 అక్టోబరు 14న వరదొచ్చి ఊరు మునిగింది. ఆ తర్వాత నదిని ఊరి దక్షిణానికి మళ్లించారు. ఖాళీ అయిన పాత నదిలో ప్రభుత్వం హైవే వేద్దామనుకుంది. 'నదీగర్భం మాది, అది పచ్చగా ఉండాలి' అని జనం పట్టుబట్టారు. ఇప్పుడక్కడ దాదాపు తొమ్మిది కిలోమీటర్ల పొడవునా తోట. పాత వంతెనలన్నీ అలాగే ఉన్నాయి, కింద నీళ్లకు బదులు సైకిళ్లు పోతుంటాయి. తోట చివర్న, ఇదే ఊళ్లో పుట్టిన శాంతియాగో కలాత్రావా కట్టిన తెల్లటి సైన్సు నగరం ఉంది. అందరూ ఫొటోలు దిగేది అక్కడే. అయితే కథ సుఖాంతం కాలేదు. 2024 అక్టోబరు 29న మళ్లీ వరద. కొత్త నది నగరాన్ని కాపాడింది గానీ, దానికి దక్షిణాన ఉన్న ఊళ్లని వాగులు ముంచెత్తాయి. ఒక్క వాలెన్సియా ప్రాంతంలోనే 220 మందికి పైగా చనిపోయారు.

మార్కెట్ దగ్గర పాత పట్టు వ్యాపారుల భవనం లోంహా ఉంది. తాడు పేనినట్టు మెలికలు తిరిగిన రాతి స్తంభాల కోసమైనా ఓ అరగంట ఆగండి.

జూలై, ఆగస్టుల్లో ఎండ మనకి కూడా ఎక్కువే. మార్చిలో వెళ్లడం మేలు, ఫాయాస్ పండుగ అప్పుడే. వడ్రంగులు చలికాలం పోగానే పాత కర్రలు తగలబెట్టడంతో మొదలైందని చెబుతారు, మన భోగి మంటలాగన్నమాట. ఇప్పుడైతే పేట పేటకీ మేడలంత ఎత్తు బొమ్మలు నిలబెడతారు, వాటిలో నాయకుల మీద వెటకారమే ఎక్కువ. మార్చి 1 నుంచి రోజూ మధ్యాహ్నం రెండింటికి నగరసభ ముందు టపాసులు కాలుస్తారు. పట్టపగలు వెలుగేం కనిపిస్తుంది? అది చెవుల కోసం. రేడియోవాళ్లకి తగిన పండుగ!

19వ తేదీ రాత్రి జనం ఓటేసి కాపాడుకున్న ఏ ఒకటో రెండో బొమ్మలు తప్ప, ఏడాదంతా కూర్చుని చేసినవన్నీ అంటించేస్తారు. ఇరుకు సందుల్లో మంట మూడో అంతస్తు దాటుతుంది. ఫైరింజన్లవాళ్లు పైపులు పట్టుకుని నిలబడి, మంట మీద కాదు, పక్కిళ్ల గోడల మీద నీళ్లు కొడుతూ ఉంటారు. తెల్లారేసరికి వీధులు ఊడ్చేసి ఉంటాయి.