మండలం అంటే ఎంత?

[తెర మీద: తెల్ల కాగితంపై ఒక గుండ్రటి గీత]

మండలాఫీసుకెళ్లాలి. మండలం రోజులు దీక్ష. సూర్యమండలం. ఋగ్వేదం పదో మండలం.

ఒకచోట ఊళ్లు, ఒకచోట రోజులు, ఇంకోచోట గ్రంథంలో భాగం. అన్నిటికీ ఒకే పేరెలా వచ్చింది?

సంస్కృతంలో మండలం అంటే గుండ్రనిది. సూర్యమండలం, చంద్రమండలం అన్నప్పుడు ఆ పాత అర్థమే వినిపిస్తుంది. సుశ్రుత సంహితలో ఒక జాతి పాముల్ని 'మండలి' అన్నారు, ఒంటి మీద గుండ్రటి మచ్చలుంటాయని. రక్తపింజరిని చూస్తే ఆ పేరెందుకో తెలుస్తుంది. దూరం నుంచే చూడండి!

[తెర మీద: గీత లోపలి భాగం రంగుతో నిండుతుంది]

గుండ్రంగా గీత గీస్తే లోపల కొంత చోటు ఏర్పడుతుంది కదా. పోనుపోను ఈ మాట గీతని వదిలేసి ఆ చోటుని పట్టుకుంది.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో 'రాజమండలం' ఉంది. మధ్యలో గెలుపు కోరే రాజు. సరిహద్దు పంచుకునేవాడు శత్రువు, ఆ శత్రువుకి అవతలివాడు మిత్రుడు. ఇలా మొత్తం 12 మంది రాజులు. ఇందులో వలయం ఇంకా కనిపిస్తోంది. చోళుల పాలనకొచ్చేసరికి అదీ పోయింది. వాళ్లకి మండలమంటే రాజ్యంలో ఒక పెద్ద భాగం, అంతే. చోళమండలమే యూరప్ వాళ్ల నోట్లో పడి కోరమాండల్ అయిందంటారు. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ పేరులో ఉన్నది అదే.

[తెర మీద: ఆంధ్రప్రదేశ్ మ్యాప్, 1985]

ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు, వాటిలోని ఫిర్కాలు తీసేసి వెయ్యికి పైగా మండలాలు ఏర్పాటు చేసింది. అరబీ నుంచి వచ్చిన రెండు మాటల స్థానంలో ఈ పాత సంస్కృత పదం కూర్చుంది. కాకపోతే చోళుల మండలంతో పోలిస్తే ఇది చాలా చిన్నది. మ్యాపులో ఎంత వెతికినా గుండ్రటి మండలం ఒక్కటీ దొరకదు.

తమాషా ఏంటంటే, మండలాలొచ్చిన ఆ ఏడాదే 'మండలి' పోయింది. అదే, శాసనమండలి. మళ్లీ 2007లో వచ్చింది. చుట్టూ చేరిన జనం కూడా మండలే మరి.

ఇక రోజుల లెక్క. అయ్యప్ప దీక్షకి 41, సిద్ధ వైద్యంలో 48. సంప్రదాయాన్ని బట్టి అంకె మారుతుంది. ఒక చుట్టు పూర్తయిందన్న భావమే ఇక్కడ ముఖ్యమని నాకనిపిస్తుంది.

[తెర మీద: 'మండల్ కమిషన్?']

కామెంట్లలో ఎలాగూ అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తా. 1979లో వెనకబడిన తరగతుల కోసం వేసిన ఆ కమిషన్ మన మండలాల గురించి కాదు. అధ్యక్షుడు బి.పి. మండల్. అది ఆయన ఇంటిపేరు.