మధ్యస్థ అడ్డంకికి స్టెంట్ ఎప్పుడు అవసరం?

హన్మకొండలో ఈ సభకు విచ్చేసిన పెద్దలకు, అక్కాచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

యాంజియోగ్రామ్ చేయించుకొని వచ్చిన వారిని మన దగ్గర అందరూ మొదట అడిగే మాట, ‘ఎంత శాతం బ్లాక్ ఉందట?’ అని. గుండెకు రక్తం అందించే నాళంలో అడ్డంకి 90 శాతం దాటి, రోగికి ఛాతీనొప్పి కూడా ఉంటే ఆ అంకె చాలావరకు నిజమే చెబుతుంది. చిక్కంతా 50 నుంచి 70 శాతం మధ్య ఉండే అడ్డంకులతోనే.

యాంజియోగ్రామ్‌లో కనబడేది, ఎక్స్‌రేలో కనిపించేందుకు నాళంలోకి ఎక్కించిన మందు నీడ మాత్రమే. అదే చిత్రాన్ని చూసి ఒక నిపుణుడు 55 శాతం అనవచ్చు, మరొకరు 70 అనవచ్చు. అడ్డంకి పొడవెంత, దాని దిగువన ఎంత గుండె కండరం ఆ నాళం మీద ఆధారపడి ఉంది అన్నవి ఆ అంకెలో ఇమడవు. చెరువు కాలువ ఒకచోట పూడికతో ఇరుకైతే రైతు చూసేది ఆ ఇరుకును కాదు, చివరి మడికి నీరు అందుతున్నదా లేదా అన్నది. గుండె విషయంలోనూ అడగవలసిన ప్రశ్న అదే.

దానికి జవాబిచ్చే పరీక్షను ఎఫ్ఎఫ్ఆర్ (ఫ్రాక్షనల్ ఫ్లో రిజర్వ్) అంటారు. నెదర్లాండ్స్‌కు చెందిన నికో పైల్స్, బెల్జియంకు చెందిన బెర్నార్డ్ డి బ్రూయిన్ 1990లలో దీనిని రూపొందించినవారిలో ముఖ్యులు. మిల్లీమీటరులో మూడోవంతుకు కాస్త పైబడిన మందంతో, పీడనం కొలిచే సెన్సర్ ఉన్న తీగను అడ్డంకి దాటించి, నాళాలను వెడల్పు చేసే అడినోసిన్ అనే మందు ఇచ్చి ప్రవాహాన్ని గరిష్ఠ స్థాయికి తెచ్చి, అడ్డంకి దిగువన ఉన్న పీడనాన్ని గుండె నుంచి బయలుదేరే పెద్ద నాళమైన బృహద్ధమనిలోని పీడనంతో భాగిస్తారు. ఆరోగ్యంగా ఉన్న నాళంలో ఫలితం 1 వస్తుంది. 0.80 వస్తే, కండరానికి అందవలసిన గరిష్ఠ ప్రవాహంలో ఐదోవంతు తగ్గినట్టు. ఫలితం 0.80 గాని అంతకు తక్కువ గాని అయితే స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వల్ల మేలు ఆశించవచ్చు. అంతకు పైన ఉంటే సాధారణంగా మందులే సరిపోతాయి. అడినోసిన్ అవసరం లేని ఐఎఫ్ఆర్ అనే కొలత కూడా ఉంది. దాని హద్దు 0.89.

2009లో వెలువడిన ఫేమ్ అధ్యయనంలో, ఒకటికి మించిన నాళాల్లో అడ్డంకులున్న 1,005 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు యాంజియోగ్రామ్ చూసి, మరో జట్టుకు పీడనం కొలిచి స్టెంట్లు వేశారు. మొదటి జట్టులో మనిషికి సగటున 2.7 స్టెంట్లు పడితే, రెండోదానిలో 1.9 పడ్డాయి. ఏడాదిలో మరణం, గుండెపోటు, మళ్లీ చికిత్స అన్నీ కలిపి చూస్తే మొదటి జట్టులో 18.3 శాతం, రెండో జట్టులో 13.2 శాతం. నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది వేరే సంగతి: 50 నుంచి 70 శాతంగా కనిపించిన అడ్డంకుల్లో దాదాపు మూడింట రెండు వంతులు ప్రవాహాన్ని అంతగా తగ్గించనివేనని తేలింది.

అనవసరంగా వేసిన స్టెంట్ హానిచేయనిదేమీ కాదు. దానిలో గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, మళ్లీ ఇరుకయ్యే అవకాశం ఉంటుంది, రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు నెలల తరబడి వేసుకోవాలి. ములుగు, భూపాలపల్లి నుంచి వరంగల్‌కు వచ్చే కుటుంబానికి ఆ మాత్రలు ఆపకుండా కొనడం ఎంత భారమో మీకు నేను చెప్పనక్కరలేదు.

అయితే గుండెపోటు వచ్చి నాళం మూసుకుపోయిన రోగికి ఈ కొలతల కోసం ఆగకూడదు. ఆ నాళాన్ని వెంటనే తెరవాలి. స్టెంట్ అక్కరలేదని తేలినవారు కూడా కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, బీపీ, షుగర్ మందులు మానరాదు, పొగాకు ముట్టరాదు. నొప్పి పెరిగినా, నడిచే దూరం తగ్గినా మళ్లీ పరీక్షకు రావాలి.