350 బ్లాక్‌లో 383 స్ట్రోకర్: రాడ్లు ఎక్కడ తగులుతాయో ముందే చూసుకోండి

నమస్కారం అండి. స్టాండ్ మీద ఉన్నది 1969 కమారోలోంచి దించిన షెవర్లే 350 స్మాల్ బ్లాక్. అంటే 350 ఘనపుటంగుళాల V8 ఇంజిన్. దీన్ని 383 స్ట్రోకర్ చేద్దాం, అంటే పిస్టన్ కదిలే దూరం (స్ట్రోక్) పెంచి ఇంజిన్ సైజు పెంచుదాం. లెక్క తేలికే. 4 అంగుళాల బోరును (సిలిండర్ వ్యాసాన్ని) 4.030కి పెంచుతాం, 3.48 స్ట్రోక్ క్రాంక్ (పిస్టన్ల కదలికని తిప్పుడుగా మార్చే ఇరుసు) తీసేసి 3.75ది వేస్తాం. ఎనిమిది సిలిండర్లూ కలిపి 383 ఘనపుటంగుళాలు, సుమారు 6.3 లీటర్లు. ఒకప్పుడు షెవర్లే 400 ఇంజిన్ క్రాంకును మెయిన్ జర్నల్ (బ్లాకు బేరింగుల్లో తిరిగే భాగం) దగ్గర 2.65 నుంచి 2.45కి తరిగి ఇందులో కూర్చోబెట్టేవాళ్లు. ఇప్పుడు ఈ బ్లాకుకే సరిపడేవి దొరుకుతున్నాయి.

క్రాంక్ కొనే ముందు వెనక మెయిన్ సీల్ (క్రాంక్ వెనక కొసన ఆయిల్ కారకుండా ఆపేది) చూడండి. పాత బ్లాకుల్లో అది రెండు ముక్కలు, 1986 నుంచి ఒకటే రింగు. ఒకదాని క్రాంక్ ఇంకోదానికి సరిపోదు. ఎక్స్‌టర్నల్ బ్యాలెన్స్ క్రాంక్ (తూకం బరువుల్లో కొంత బయట ఉండేది) అయితే ముందుండే బ్యాలెన్సరూ వెనకుండే ఫ్లైవీలూ దానికి జోడీవే ఉండాలి, లేకపోతే వణుకుడు బేరింగుల్ని తినేస్తుంది.

ఇప్పుడు అసలు పని. స్ట్రోక్ పెరిగింది కాబట్టి రాడ్ (పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కడ్డీ) బోల్టులు ఇంకా బయటికి తిరుగుతాయి. సిలిండర్ల అడుగు అంచుకీ, ఆయిల్ పాన్ కూర్చునే అంచుకీ తగులుతాయి. అందుకే రింగులు లేకుండా ఒక పిస్టన్, రాడ్ బిగించి క్రాంకును చేత్తో మెల్లగా తిప్పండి. ఖాళీ కనీసం 60 థౌ ఉండాలి, అంటే అంగుళంలో వెయ్యింట 60 వంతులు. ఫీలర్ గేజ్ దూరకపోతే మార్కర్‌తో గీత పెట్టి డై గ్రైండర్‌తో అక్కడే కొంచెం కొంచెం తీయండి. ఆశపడి లోతుగా తీయకండి, వెనకే నీళ్ల జాకెట్ ఉంటుంది. చిల్లు పడితే బ్లాక్ పోయినట్టే. ఎనిమిది చోట్లా ఇదే పరీక్ష.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. రాడ్ బోల్టు పైకి వచ్చినప్పుడు వాల్వులు తెరిచే క్యామ్ ఇరుసు మీది లోబుకి (ఉబ్బుకి) కూడా తగలొచ్చు, ముఖ్యంగా 1, 2, 5, 6 సిలిండర్లలో. టైమింగ్ చెయిన్ వేసి, క్యామ్ డిగ్రీ (క్రాంకుతో దాని కోణం) సెట్ చేశాకే చూడండి, ఎందుకంటే క్యామ్ నాలుగు డిగ్రీలు జరిగినా ఖాళీ మారిపోతుంది. క్యామ్ ఒక చుట్టు తిరగాలంటే క్రాంక్ రెండు చుట్లు తిరగాలి. 50 థౌ కన్నా తక్కువుంటే స్మాల్ బేస్ సర్కిల్ క్యామ్ (లోబుల అడుగు వృత్తం చిన్నదిగా ఉండేది) తీసుకోండి.

డెక్ సంగతి, అంటే హెడ్ కూర్చునే బ్లాక్ పైముఖం. క్రాంక్ త్రో (స్ట్రోక్‌లో సగం) 1.875, రాడ్ 5.7, పిస్టన్ కంప్రెషన్ హైట్ (పిన్ మధ్య నుంచి పిస్టన్ పైదాకా) 1.425. కలిపితే 9 అంగుళాలు. బ్లాక్ డెక్ ఎత్తు 9.025. అంటే పిస్టన్ 25 థౌ కిందే ఆగిపోతుంది. దానిమీద 40 థౌ గ్యాస్కెట్ వేస్తే స్క్విష్ (పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య సందు) 65 థౌ అవుతుంది, నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) పట్టుకుంటుంది. డెక్ 9 అంగుళాలకి మిల్ చేయించి స్క్విష్‌ను 40 థౌ దగ్గర ఉంచండి. ఆ డబ్బు వృథా కాదు.

గ్రైండింగ్, మెషినింగ్ అన్నీ అయ్యాక బ్లాకును వేడి సబ్బునీళ్లతో, ఆయిల్ దారుల్లో బ్రష్ పెట్టి కడగండి. ఇనుప పొడి మిగిలితే బేరింగులు మొదటి రోజే పోతాయి. బిగించేటప్పుడు రాడ్‌లో చాంఫర్ (అంచు వాలు) ఎక్కువున్న వైపు క్రాంక్ చెంపవైపు, అంటే జర్నల్ పక్కనుండే గోడవైపు ఉండాలి. తిరగేస్తే జర్నల్ మూలలో ఒరుసుకుంటుంది. ఈ బ్లాకులో హెడ్ బోల్టుల రంధ్రాలు నీళ్ల జాకెట్‌లోకి తెరుచుకుంటాయి, అందుకని మరలకి సీలెంట్ పూయండి.

స్టార్ట్ చేసేముందు డిస్ట్రిబ్యూటర్ తీసి, ఆ రంధ్రంలో ప్రైమింగ్ టూల్ పెట్టి డ్రిల్‌ను గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పండి, వాల్వుల్ని నొక్కే రాకర్ల దాకా ఆయిల్ వచ్చేవరకు. ఫ్లాట్ టాపెట్ క్యామ్ (రోలర్ లేకుండా లోబు నేరుగా రాసుకునే రకం) అయితే జింక్ ఎక్కువున్న ఆయిల్ పోసి, స్టార్ట్ అయిన వెంటనే 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య 20 నిమిషాలు నడపండి. ఐడిల్‌లో వదిలేస్తే లోబులకి ఆయిల్ చాలినంత చిమ్మదు, కొత్త క్యామ్ అరిగిపోతుంది. ఆపాక ఆయిల్ మార్చి, ఫిల్టర్ కోసి మడతల్లో లోహపు రజను ఉందేమో చూడండి.