సంతకం పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న
(రాజమహేంద్రవరంలో పెన్షనర్ల సమావేశంలో ఒక వాస్క్యులర్ సర్జన్ ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, కార్యదర్శి గారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న ఇంకా పెద్దలకు నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ నా డిగ్రీలన్నీ చదివారు, సంతోషం. గుండె డాక్టరన్నారు. కాదండి. గుండె నుంచి బయల్దేరిన రక్తం కాలి వేలి దాకా చేరుతోందా లేదా అని చూసేవాణ్ని. ‘రక్తనాళాల ఆరోగ్యం’ అని విషయం ఇచ్చి అరగంట టైమిచ్చారు. స్లైడ్లు కూడా తెచ్చాను. వాటి జోలికి వెళ్లేలోపు ఒక మాస్టారి సంగతి చెప్పాలి.

లెక్కల మాస్టారు. రిటైరయ్యాక రోజూ సాయంత్రం గోదావరి గట్టు దాకా నడిచేవారు. కొన్నాళ్లకు రెండు వీధులు దాటేసరికి పిక్క పట్టేసేది. నొప్పి అని చెప్పుకోవడం ఇష్టం లేక, దారిలో ఎవరో ఒకరిని పలకరిస్తూ నిలబడేవారు. కాసేపటికి నొప్పి పోయేది, మళ్లీ నడక. మాస్టారికి ఈమధ్య కబుర్లెక్కువయ్యాయని ఊరంతా అనుకుంది. ఒక డాక్టరు మోకాళ్లు అరిగాయన్నారు, ఇంకొకరు నడుం దగ్గర నరం నొక్కుకుందన్నారు. ఏళ్ల తరబడి షుగరు, అంతకు ముందునుంచీ సిగరెట్టు ఉన్న మనిషి. మేజోడు తీయించి పాదం పట్టుకుని చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

నడిస్తే రావడం, నిలబడితే పోవడం, మళ్లీ దాదాపు అంతే దూరంలో రావడం. ఈ మూడూ ఉంటే పిక్కకు రక్తం చాలడం లేదేమోనని అనుమానించాలి.

తర్వాత ఆనికాయ లేచింది. బ్లేడుతో తనే చెక్కుకున్నారు. బొటనవేలు నల్లబడింది. ఒక ఆసుపత్రిలో, పేరు చెప్పను, వేలు తీసేశారు. పుండు మానలేదు. రక్తమే రాని చోట కుట్టు ఎలా అతుక్కుంటుంది? సగం పాదం తీశారు. అదీ మానలేదు. ఇక మోకాలి కింద దాకా తీయాలి, సంతకం పెట్టండని కాగితం ఇచ్చినప్పుడు వాళ్ల కోడలు అడిగింది, “పైనుంచి రక్తం వస్తోందో లేదో చూశారా అండి?” అని. చూడలేదు.

మీలో ఇరిగేషన్‌లో పనిచేసినవాళ్లు ఉన్నారుగా. శివారు పొలం ఎండిపోతుంటే ముందు కాలువ ఎక్కడ పూడిందో చూస్తారా, పొలాన్ని తవ్వి పారేస్తారా?

మా దగ్గరికి వచ్చేసరికి తొడలో ధమని మూసుకుపోయి ఉంది. సన్నని గొట్టం చివర చిన్న బెలూన్ లోపలికి పంపి, ఉబ్బించి తెరిచాం. మిగిలిన పాదం దక్కింది.

గుండెకు స్టెంట్ వేస్తారని అందరికీ తెలుసు. ఫలానా ఆయనకు రెండు వేశారట, మూడు వేశారట అని చెప్పుకుంటాం. కాలికీ వేస్తారని చెబితే నమ్మరు. నిజానికి ఇలా లోపలినుంచే రక్తనాళాన్ని తెరిచే వైద్యం మొదలైందే కాలితో! 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు దగ్గరికి 82 ఏళ్ల ఆవిడ వచ్చింది. పాదం కుళ్లుతోంది. కాలు తీయాలని సర్జన్లు చెబితే ససేమిరా అంది. డాటర్ ఆమె తొడ ధమనిలోకి సన్నని తీగ, దాని మీదుగా గొట్టాలు పంపి, సన్నబడిన చోటును వెడల్పు చేశాడు. చల్లబడ్డ పాదం వెచ్చబడింది. చనిపోయేదాకా ఆవిడ తన కాళ్ల మీదే నడిచింది. గుండె ధమనికి మొదటిసారి బెలూన్ వేసింది 1977లో, స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో, గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు. పదమూడేళ్ల తర్వాత! ఆ ముసలావిడ కాదనకపోతే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

అలాగని ప్రతి కాలూ దక్కుతుందని నేను చెప్పడం లేదు. చీము ఒంట్లోకి పాకితే ప్రాణం కోసం కాలు తీయాల్సిందే. నేనూ తీస్తాను. కానీ అంత వ్యవధి ఉన్నప్పుడు సంతకం పెట్టే ముందు అడగండి. “పైనుంచి రక్తం వస్తోందా, చూశారా?” డాక్టరుగారు ఏమనుకుంటారోనని మొహమాటపడొద్దు.

స్లైడ్లు వదిలేద్దాం. అందరూ ఒకసారి చెప్పులు, బూట్లు తీయండి. అధ్యక్షులు కూడా. బొటనవేలు, దాని పక్క వేలు మధ్య నుంచి పాదం మీదుగా పైకి వేళ్లు జరపండి. నాడి కొట్టుకుంటోందా? దొరక్కపోతే టెన్షన్ పడకండి, కొందరికి పుట్టుకతోనే అక్కడ అందదు. లోపలి చీలమండ వెనక చూడండి. రెండు చోట్లా దొరక్కపోతే మాత్రం నాకు చెప్పండి.

పాదాల మాట వచ్చింది కాబట్టి, కార్తీకం రాబోతోంది. అయ్యప్ప మాల వేసుకుని చెప్పులు లేకుండా తిరుగుతారు. స్పర్శ పోయిన షుగరు పాదానికి గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. కాళ్లు చల్లగా ఉన్నాయని వేడినీళ్ల సంచి పెట్టుకుని బొబ్బలతో వచ్చేవాళ్లూ ఉన్నారు. మీ గురుస్వామితో మాట్లాడండి, రోజూ రాత్రి అరికాళ్లు ఇంట్లోవాళ్లకు చూపించండి. భక్తికి నేను అడ్డం కాదు.

ఉన్నట్టుండి ఒక కాలు పాలిపోయి, చల్లబడి, విపరీతంగా నొప్పెడితే తెల్లవారేదాకా ఆగొద్దు. సుమారు 6 గంటలు దాటితే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. కాపడం పెట్టొద్దు, మాలిష్ చేయొద్దు. నేరుగా రక్తనాళాల సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి.

వెరికోస్ వెయిన్స్ గురించి ఎవరో చీటీ పంపారు. కాళ్ల మీద ఉబ్బి మెలికలు తిరిగేవి. అవి రక్తాన్ని గుండెకు వెనక్కి తీసుకెళ్లే సిరలు, వాటి కథ వేరు, ఇంకోసారి పిలిస్తే చెబుతాను. బీడీ, సిగరెట్టు, చుట్ట సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది? తగ్గించానంటే కుదరదు, మానాలి. పిక్క నొప్పి ఉన్నవాళ్లు నడక మానొద్దు. నొప్పి వచ్చేదాకా నడవండి, ఆగండి, మళ్లీ నడవండి. మూడు నెలల్లో చాలామందికి దూరం పెరుగుతుంది. ముందు డాక్టరుకి ఒకమాట చెప్పండి. కాలి ధమనులు పూడినవాళ్లకు గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా ఎక్కువే.

పక్క గదిలో మా సిస్టర్లు డాప్లర్ మిషన్‌తో, అంటే రక్తం పారే చప్పుడు వినిపించే మిషన్‌తో ఉన్నారు. చీలమండ దగ్గర బీపీ చూసి, దాన్ని చేతి బీపీతో భాగిస్తారు. 0.9, అంతకంటే తక్కువ వస్తే అడ్డంకి ఉన్నట్టే. షుగరు వల్ల నాళాలు గట్టిపడినవాళ్లకు 1.4 దాటొచ్చు, అది బాగున్నట్టు కాదు, బొటనవేలి బీపీ చూడాలి. ముందు షుగరున్నవాళ్లు, పొగ తాగేవాళ్లు రండి. కాసేపు పడుకోబెట్టాకే చూస్తారు, తొందరపెట్టకండి. కార్యదర్శి గారూ, కాఫీలు టెస్టు అయ్యాకే ఇప్పించండి.