ఓపెన్ టెన్త్ రాస్తున్నారా? లెక్కలు వదిలేయకండి

"ఇరవై రెండేళ్లొచ్చాయి, ఇప్పుడు టెన్తేంటి? ఓపెన్‌లో రాసినా చెల్లదట కదా!" ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. చెల్లుతుందండీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఓపెన్ స్కూల్, అంటే రోజూ బడికి వెళ్లకుండా చదివి పరీక్ష రాసే పద్ధతి, మొదలైంది 1991లో. 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకి హద్దే లేదు.

కాలువ నీళ్లు ఆలస్యమై నారు ముదిరిందనుకోండి. రైతు మడి వదిలేస్తాడా? కొసలు తుంచుతాడు, కుదుళ్లు దగ్గర చేస్తాడు, కుదురుకి నాలుగైదు మొక్కలు పెడతాడు. ముదురు నారుకి పిలకలు తక్కువ కాబట్టి నాటే పద్ధతి మారుస్తాడు. ఆ వడ్లు మిల్లుకి వెళ్లాక నాటు ఎప్పుడేశావని ఎవరూ అడగరు.

మరి టెన్త్‌లో నాటే పద్ధతంటే? సబ్జెక్టులు ఎంచుకోవడం. అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. అప్లికేషన్‌లో ఐదు సబ్జెక్టులు రాయాలి. పక్కనున్నాయన "లెక్కలెందుకమ్మా, హోమ్ సైన్స్ పెట్టు, ఈజీగా పాసైపోతావ్" అంటాడు. పెట్టేస్తారు, పాసవుతారు, మెమో వస్తుంది. తర్వాత పోస్టాఫీసులో గ్రామీణ డాక్ సేవక్ నోటిఫికేషన్ పడుతుంది. పరీక్ష లేదు, టెన్త్ మార్కులే మెరిట్, 40 ఏళ్ల దాకా వయసు. కానీ లెక్కల్లో, ఇంగ్లిష్‌లో పాసై ఉండాలి! పాలిటెక్నిక్‌లో చేరడానికి రాసే పాలిసెట్‌కీ లెక్కలు కావాలి. ఐటీఐ ఎలక్ట్రీషియన్‌కైతే లెక్కలతో పాటు సైన్సూ ఉండాలి. ఈజీగా పాస్ చేయించానని సలహా ఇచ్చినాయన సంతోషిస్తాడు, పిల్ల మాత్రం నష్టపోతుంది. నిజంగా బాధేస్తుంది నాకు.

ఇక వయసు సంగతి. కాలువ కట్టేసే రోజు చూసుకుని రైతు స్వల్పకాలిక రకం వేస్తాడు కదా, మీరూ అలాగే లెక్కేసుకోండి. కేంద్ర బలగాల్లో జీడీ (జనరల్ డ్యూటీ) కానిస్టేబుల్‌కి 23 ఏళ్లే హద్దు. ఓబీసీలకి మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకి ఐదేళ్లు సడలింపు. ఆ వయసు దాటితే దాని వెనక పడొద్దు. ఐటీఐకి పై వయసు హద్దు లేదు, డాక్ సేవక్ ఎలాగూ ఉంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. గల్ఫ్ వెళ్లాలనుకునేవాళ్లు టెన్త్ మెమో పెట్టి పాస్‌పోర్టు తీసుకుంటే దాని మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వయిర్డ్) ముద్ర పడదు. పడితే కువైట్, సౌదీ, ఖతార్ లాంటి 18 దేశాలకి పనికి వెళ్లేముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తెచ్చుకోవాలి. ప్రైవేటు ఇంటర్వ్యూలో గ్యాప్ ఎందుకొచ్చిందని అడుగుతారు. షెడ్డులో పనిచేశారా, షాపు చూసుకున్నారా, అదే చెప్పండి, దాచొద్దు. లెక్కలు లేకుండా ఇప్పటికే పాసైపోయినవాళ్లు మళ్లీ మొదట్నుంచీ రాయక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో పార్ట్ అడ్మిషన్ అని ఉంటుంది, ఆ ఒక్క సబ్జెక్టుకే ఫీజు కట్టి రాసుకోవచ్చు.